మైక్రోసాఫ్ట్ యాక్సెస్ (డేటాబేస్ ప్రోగ్రామ్)లో లింకు తెగిన టేబుళ్లను మళ్లీ కలపడం ఎలా?
పలాసలోని మీ జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో డేటా ఫైల్‌ని కొత్త కంప్యూటర్‌లోకి మార్చాక టేబుళ్లు తెరుచుకోవట్లేదన్నారు. కంగారు పడకండి, లెక్కలెక్కడికీ పోలేదు. లింక్డ్ టేబుల్‌లో ఉండేది డేటా కాదు, ఆ ఫైల్ ఉన్న చోటు అడ్రసే. ఫైల్ మారింది, అడ్రసు పాతదే మిగిలింది.

ముందు డేటా ఫైల్‌కి కాపీ తీసుకోండి. ఎక్స్‌టర్నల్ డేటా ట్యాబ్‌లో లింక్డ్ టేబుల్ మేనేజర్ తెరిచి, టేబుళ్లకు టిక్ పెట్టి, రీలింక్ నొక్కి కొత్త చోటు చూపించండి. పాత వెర్షన్లలోనైతే ‘ఆల్వేస్ ప్రాంప్ట్ ఫర్ న్యూ లొకేషన్’కి టిక్ పెట్టి ఓకే కొట్టాలి.

డేటా ఫైల్‌ని నెట్‌వర్క్‌లో పలు కంప్యూటర్ల నుంచి వాడుతుంటే, అసలు తంటా ఆ ఫోల్డర్‌కి పెట్టిన డ్రైవ్ అక్షరంతోనే. ఒక కంప్యూటర్‌లో జెడ్, ఇంకోదాంట్లో వై అయితే లింకు మళ్లీ తెగుతుంది. అందుకే చోటు చూపించేటప్పుడు నెట్‌వర్క్‌లోంచి వెళ్లి, డేటా ఉన్న కంప్యూటర్ పేరుతో మొదలయ్యే పాత్ (ఫైల్ అడ్రసు) ఇవ్వండి. ఆ ఫోల్డర్‌లో అందరికీ రైట్ పర్మిషన్ (ఫైళ్లు రాసే అనుమతి) కూడా ఉండాలి, డేటాని ఎవరెవరు తెరిచారో గుర్తుపెట్టుకునే లాక్ ఫైల్ తయారయ్యేది అక్కడే.