గత్తర అంటే మా అమ్మకు అర్థమైంది

పాఠకుల ప్రశ్నలు – సిస్టరమ్మ జవాబులు
2021 మే చివరి వారం

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి. ఇంట్లో మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్లు, బయట కరోనా. కొత్త పాఠకుల కోసం ఒక మాట: నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను, మహబూబ్‌నగర్‌లో ఉంటాను. మా అమ్మకు 81 ఏళ్లు. అల్జీమర్స్ అని తెలిసి ఆరేళ్లయింది. కాబట్టి కింద రాసినదాంట్లో కొంత ఉద్యోగంలో నేర్చుకున్నది, ఎక్కువ భాగం మా ఇంట్లో నేర్చుకున్నది.

ప్రశ్న: మా నాన్నకు 78 ఏళ్లు. నాలుగేళ్లుగా మతిమరుపు ఉన్నా తన పని తాను చేసుకునేవాడు. రెండు రోజుల నుంచి ఒకటే నిద్ర. లేపితే నన్ను గుర్తుపట్టడం లేదు, గాలిలో ఏదో పట్టుకుంటున్నట్టు చేతులు ఆడిస్తున్నాడు. జ్వరం లేదు, దగ్గు లేదు. జబ్బు ముదిరిందనుకోవాలా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ఈ ఉత్తరం వారం దాకా ఆగేది కాదు. కింద ఫోన్ నంబరు ఉంది కాబట్టి చదివిన వెంటనే ఫోన్ చేశాను. ఇక్కడ రాస్తున్నది మిగతా ఇళ్ల కోసం.

మతిమరుపు జబ్బు నెలల మీద, ఏళ్ల మీద ముదురుతుంది. రెండు రోజుల్లో మనిషి మారిపోయాడంటే ఒంట్లో ఇంకేదో జరుగుతున్నట్టు. ఇలా ఉన్నట్టుండి వచ్చే తికమకను డాక్టర్లు డెలీరియం అంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, నీళ్లు సరిగా తాగకపోవడం, సోడియం పడిపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, నాలుగు రోజుల మలబద్ధకం, వీటిలో ఏ ఒక్కటున్నా చాలు. ఇప్పుడు వీటికి కరోనా తోడైంది. ముసలివాళ్లలో జ్వరం, దగ్గు ఏమీ లేకుండా ఈ తికమకే మొదటి గుర్తుగా రావచ్చు. పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూడమంటే ఆక్సిజన్ 89 శాతం ఉంది. వెంటనే 108 పిలవమన్నాను. ఆయన ఇప్పుడు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నారు. మొన్న కొడుకును పేరు పెట్టి పిలిచారని మెసేజ్ వచ్చింది.

ఆక్సీమీటర్ పెట్టే ముందు ఆ వేలిని రుద్ది వెచ్చబెట్టండి. చల్లటి వేలికి పెడితే తప్పు చూపిస్తుంది. 94 కంటే తగ్గితే డాక్టరును అడగండి, 90 కంటే తగ్గితే అడుగుతూ కూర్చోకుండా బయల్దేరండి.

ప్రశ్న: సిస్టరమ్మకు నమస్కారం. మా అత్తమ్మకు 74 ఏళ్లు. మూడేళ్లుగా యాది సరిగా ఉండటం లేదు. కిరాణా దుకాణం నడిపే మా ఆయనకు ఆరు రోజుల కింద కరోనా వచ్చింది, వెనక గదిలో ఉన్నాడు. అత్తమ్మ గంటకోసారి ఆ తలుపు కొడుతుంది. ‘నా కొడుకును ఏడ దాచిపెట్టినవ్’ అని నన్ను తిడుతుంది. మాస్కు పెడితే పీకి పారేస్తుంది. పొద్దు గూకగానే చెప్పులేసుకుని రోడ్డెక్కుతుంది. పోలీసులు రెండుసార్లు తీసుకొచ్చి దిగబెట్టారు. కరోనా అంటే ఏమిటో వందసార్లు చెప్పాను. మొన్న ఓపిక నశించి చేతి మీద కొట్టాను. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. హైదరాబాద్ నుంచి ఆడపడుచు ఫోన్ చేసి ‘మా అమ్మను మంచిగ చూస్తలేవు’ అంటుంది. తలుపుకు తాళం వేస్తే పాపమా? నేనేం చెయ్యాలి?
– ఒక కోడలు, దేవరకొండ

జవాబు: బిడ్డా, ముందు ఆ దెబ్బ సంగతి మాట్లాడుకుందాం. నీ మనసు అక్కడే ఆగిపోయి ఉంది.

పోయిన ఏడు ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మా అమ్మ ఏడోసారో ఎనిమిదోసారో గేటు దగ్గరికి పోతుంటే, రెక్క పట్టి గుంజుకొచ్చి మంచం మీద కూలేశాను. ఆమె మోచేతి మీద నా వేళ్ల అచ్చులు మూడు రోజులున్నాయి. ఆ మూడు రోజులూ స్నానం చేయించేటప్పుడు వాటిని చూస్తూనే ఉన్నాను. ఎంతోమంది రోగులకు సేవ చేసిన చేతులు ఇవి. తర్వాత లెక్క వేసుకుంటే, దానికి ముందు మూడు రాత్రులు నేను రెండు గంటలు కూడా నిద్రపోలేదు. నువ్వు చేసింది సరైనదని నేను అనను. కానీ నువ్వు చెడ్డ కోడలివి కావు, నిద్రలేని మనిషివి. ఈసారి కోపం చేతిలోకి దిగుతుందనిపించినప్పుడు స్టవ్ ఆర్పు, గేటు గొళ్లెం చూడు, ఆమెను అక్కడే వదిలి గోలెం దగ్గరికి పోయి ముఖం మీద నీళ్లు కొట్టుకుని ఐదు నిమిషాలు నిలబడు. ఆ ఐదు నిమిషాలు ఆమె అరిచినా ఏం కాదు.

ఇక వందసార్లు చెప్పానన్నావు. నేనూ అన్నిసార్లు చెప్పాను. కొత్త సంగతిని పట్టి దాచుకునే చోటే ఈ జబ్బులో ముందు దెబ్బతింటుంది. పాతవి చాలా కాలం నిలుస్తాయి. కరోనా అనేది మా అమ్మకు 80 ఏళ్లు వచ్చాక పుట్టిన మాట. అది ఆమె తలలోకి దిగే దారి లేదు.

పోయిన ఏడు లాక్‌డౌన్ పెట్టిన కొత్తలో మా వీధి ఖాళీ అయింది కదా. అమ్మ అరుగు మీద కూర్చుని అటూ ఇటూ చూసి, ‘అందరు వలస పోయిండ్రు. నన్నొక్కదాన్నే ఇడిశిపెట్టి పోయిండ్రు’ అని ఏడ్చింది. పాలమూరులో పుట్టినవాళ్లకు ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు. ఊరు ఖాళీ అయిందంటే మేస్త్రీ వచ్చి గుంపును తీసుకుపోయాడని అర్థం. మా అమ్మా నాయినా అట్లనే సాగర్ కట్ట పనికి పోయారు. నన్ను పక్కన గోనెసంచి మీద పడుకోబెట్టి అమ్మ రాళ్లు మోసింది. లాక్‌డౌన్ పెట్టాక రోజూ మధ్యాహ్నం పాత చీర పరిచి మూట కట్టడం మొదలుపెట్టింది. రెండు చీరలు, ఒక సత్తు గిన్నె, డబ్బాలోంచి తీసిన జొన్నపిండి, మా మనవడి చెప్పు ఒకటి.

మొదటి రోజు నేను, ‘వలస ఎక్కడిదమ్మా, నాయిన పోయి పన్నెండేండ్లాయె’ అన్నాను. నాయిన పోయినట్టు ఆమెకు అప్పుడే తెలిసింది. ఆ నిమిషంలోనే చనిపోయినట్టు గుండెలు బాదుకుంది. మర్నాడు మళ్లీ మూట, మళ్లీ అదే మాట, మళ్లీ అదే ఏడుపు. రెండు రోజుల్లో మా అమ్మ చేత రెండుసార్లు మొగుడి చావు చూపించాను. మూడో రోజు నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను. ‘మేస్త్రీ రేపొస్తడంటమ్మా. ఇయ్యాల సడక్ మీద బండ్లు లేవు’ అన్నాను. ‘గట్లనా’ అంది. ఇద్దరం మూట విప్పి చీరలు మడత పెట్టాం. ఆ మడతలు ఆమె చేతులు ఎంత శుభ్రంగా వేశాయో!

అబద్ధమాడుతున్నానా అని చాలా రాత్రులు ఆలోచించాను. ఆమె ఉన్న కాలంలోకి పోయి ఆమెతో మాట్లాడుతున్నాను, అంతే అనుకున్నాను. ఇప్పటికీ అదే నా అభిప్రాయం.

‘గత్తర’ అన్న మాట అమ్మే నాకు ఇచ్చింది. కలరాను మా వైపు అట్లా అంటారు. పోయిన ఏడు చాలా ఊళ్లలో పొలిమేర దగ్గర కంపచెట్లు అడ్డం వేశారు, నీకు గుర్తుండే ఉంటుంది. ఫోన్‌లో ఆ ఫోటో చూపిస్తే, ‘గత్తరొచ్చిందా?’ అంది. ఆమె చిన్నప్పుడు ఊళ్లో వాంతులు, విరేచనాలతో మనుషులు పోయారట. డప్పు చాటింపు వేసి, గడపలకు వేపాకు కట్టి, పరాయి ఊరివాళ్లను రానివ్వలేదట. ఆ రోజు నుంచి మా ఇంట్లో కరోనా అనే మాట లేదు. ‘అమ్మా, గత్తరుంది, ఊరికి కట్టు పెట్టిండ్రు’ అంటాను. చెప్పులు విడిచి లోపలికి వస్తుంది. గంట తర్వాత మళ్లీ అడుగుతుంది, మళ్లీ చెబుతాను. కానీ ఇప్పుడు కొట్లాట లేదు. మీ అత్తమ్మ దగ్గర కూడా అలాంటి మాట ఒకటి ఉంటుంది. ఆమె చిన్నప్పటి సంగతులు ఆడపడుచును అడుగు. ఆమె ఫోన్ చేసినప్పుడు తిట్లకు బదులు ఈ పని జరుగుతుంది.

మాస్కు కోసం ఆమెతో పోట్లాడకు, నిలవదు. నువ్వు పెట్టుకో, పిల్లలకు పెట్టు, కిటికీలన్నీ తెరిచి ఉంచు. మాస్కు పెట్టుకుంటే మా అమ్మ నన్ను గుర్తుపట్టక భయపడింది. ముక్కూ నోరూ కనపడని మనిషి దొంగలా కనిపిస్తుంది కదా. మాస్కు నొసటిని కప్పదు కాబట్టి బొట్టు పెద్దగా పెట్టుకోవడం మొదలుపెట్టాను. దగ్గరికి పోయే ముందే, ‘అమ్మా, నీ బిడ్డను, బువ్వ తెచ్చిన’ అని చెబుతాను. బొట్టు వైపు చూసి చేయి చాస్తుంది. సబ్బు సంగతీ ఇంతే. ‘చేతులు కడుక్కో’ అంటే కదలదు. చెంబుతో నీళ్లు పోస్తూ, ‘చేన్లకెంచి ఒచ్చినవ్, కాళ్లుచేతులు కడుగు, రొట్టె తిందువు’ అంటే ఆ చేతులే ముందుకు వస్తాయి.

కొడుకు సంగతి. ఆమె తలుపు కొడుతున్నది కొడుకు గొంతు వినపడక. వెనక గదికి కిటికీ ఉంటే బయట వాకిట్లో దూరంగా పీట వేసి కూర్చోబెట్టు, పొద్దున, సాయంత్రం అతను మాట్లాడాలి. లేదా లోపలి నుంచే ఫోన్ చేసి, ‘అమ్మా, దుకాణంల ఉన్న, సరుకొచ్చింది’ అనాలి. ఆరు రోజులైంది అంటున్నావు కాబట్టి ఇంటింటి జ్వర సర్వేకు వచ్చే ఆశా కార్యకర్తకు అత్తమ్మ సంగతి విడిగా చెప్పు. రోజుకు మూడుసార్లు అత్తమ్మకు ఆక్సిజన్ చూడు. పై ఉత్తరానికి రాసిన జవాబు కూడా చదువు.

పొద్దు గూకే వేళ ఈ జబ్బున్న చాలామందికి గాబరా పెరుగుతుంది. చీకటి పడక ముందే లైట్లన్నీ వెయ్యి. ఐదింటికి వాకిట్లోనో డాబా మీదో చెయ్యి పట్టుకుని పది చుట్లు తిప్పు. నడవాలన్న ఆరాటం కొంత తీరుతుంది. టీవీ వార్తలు కట్టేయి. ఇప్పుడు చూపిస్తున్న చితులు మనమే చూడలేకపోతున్నాం, ఆమెకు అవి మన వాకిట్లోనే కాలుతున్నట్టు ఉంటాయి.

తాళం పాపమా అని అడిగావు. లోపల నువ్వుండి, తాళంచెవి నీ కొంగుకు ఉంటే పాపం కాదు. లాక్‌డౌన్ సడలింపు ఉన్న పొద్దుటి నాలుగు గంటల్లో సరుకులకని ఆమెను ఒక్కదాన్నే లోపల పెట్టి బయట తాళం వేసి పోవద్దు. పొయ్యి అంటుకున్నా, పడిపోయినా తీసేవాళ్లుండరు. నేను గేటు గొళ్లెం ఆమె చెయ్యి అందనంత పైకి మార్పించాను, తలుపు రెక్కకు గజ్జెలు కట్టాను. గజ్జెల చప్పుడుకు పడుకున్నా లేస్తాను. జాకెట్ లోపల చిన్న జేబు కుట్టి పేరు, ఊరు, నా నంబరు రాసిన అట్టముక్కకు ప్లాస్టిక్ వేయించి పెట్టాను. నువ్వే ముందుగా పోలీసుల దగ్గరికి పోయి ఆమె ఫోటో చూపించి చెప్పుకో, ఈసారి మెల్లగా మాట్లాడతారు.

ఇంకొకటి ఈ రాత్రే రాసి పెట్టుకో. అత్తమ్మను ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే నిన్ను లోపలికి రానివ్వకపోవచ్చు. ఒక కాగితం మీద: ఏమని పిలిస్తే పలుకుతుంది, ఏ చెవి వినపడదు, అన్నం ఎట్లా కలిపితే తింటుంది, బాత్రూం వస్తే ఏం చేస్తుంది, ఏ మాత్రలు వాడుతుంది. చీటీ ఉన్న రోగికి వార్డులో ఎంత తేడా పడుతుందో నేను కళ్లారా చూశాను. ‘పెద్దవ్వా’ అని పిలవగానే మూసిన నోరు తెరిచిన మనిషిని చూశాను.

టీకా వేయించకపోతే డాక్టరుతో మాట్లాడి వేయించు. మతిమరుపు అనేది టీకాకు అడ్డం కాదు.

చివరగా, నీకు జ్వరమొస్తే ఆమెను ఎవరు చూస్తారు? ఇది ఇవాళే తేల్చుకో. ఆడపడుచుకు సరిగ్గా ఈ ప్రశ్నే పంపు. రాలేనంటే, రోజూ సాయంత్రం ఐదున్నరకు అమ్మతో అరగంట వీడియోకాల్ ఆమె వంతు, మనిషిని పెట్టుకోవడానికి డబ్బు ఆమె వంతు అని చెప్పు. గట్టిగా అడుగు, ఇది నీ ఒక్కదాని బరువు కాదు. సలహా కావాలంటే పెద్దల కోసం 14567 ఉంది, డబ్బులు పడవు.

ప్రశ్న: మా బాపు రాత్రుళ్లు నిద్రపోడు, ఇల్లంతా తిరుగుతాడు. మెడికల్ షాపులో అడిగితే నిద్రమాత్రలు ఇచ్చారు. వెయ్యవచ్చా? ఇంట్లో ఇద్దరికి పాజిటివ్ ఉంది.
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: వద్దమ్మా. ఆ మాత్రతో ఆయన మత్తులో లేచి పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది. ఒకవేళ ఆయనకూ కరోనా సోకి ఊపిరి అందకపోతే, నిద్ర పడుతోందిలే అని మీరు అనుకుంటారు, అసలు సంగతి కనపడదు. మతిమరుపు ఉన్న పెద్దవాళ్లకు కొన్ని మత్తు మందులు ప్రాణం మీదికి తెస్తాయి. వాటిని డాక్టరు చూసి, తక్కువ మోతాదులో, కొద్ది రోజులే ఇస్తారు. పగలు ఎన్ని గంటలు పడుకుంటున్నారో రెండు రోజులు రాసి చూడండి. మధ్యాహ్నం తర్వాత చాయ్ ఆపండి. రాత్రి తిరిగే దారిలో చెప్పులు, బకెట్లు లేకుండా తీసి, బాత్రూం లైటు వెలుగుతూ ఉంచండి. ఒంటికి వెళ్లాలన్నా చెప్పలేక తిరుగుతుండవచ్చు, అది ముందు చూడండి. ఇవన్నీ చేసినా నిద్ర రాకపోతే ఆయన వాడుతున్న మాత్రలన్నీ ముందు పెట్టుకుని డాక్టరుకు ఫోన్ చేయండి. షాపులో ఇచ్చిన ఆ పట్టీని ఆయన చేతికి అందని చోట పెట్టండి.