గీజర్ వాల్వ్‌కి డమ్మీ బిగించింది ఎవరు?

ప్రశ్న: అమ్మ పెన్షన్ డబ్బుతో కొన్న 25 లీటర్ల గీజర్ వారంటీలో ఉండగానే పగిలి, బాత్రూమ్ సీలింగ్ పాడైంది. అంతకుముందు వాల్వ్ నుంచి చుక్కలు కారుతున్నాయంటే సర్వీస్ సెంటర్ మనిషి వచ్చి దానికి డమ్మీ (నీరు బయటికి రాకుండా మూసే బిరడా) బిగించాడు. జాబ్ షీట్ చదవకుండా సంతకం పెట్టాం. ఇప్పుడు వాల్వ్ మూసేశారు కాబట్టి వారంటీ లేదంటున్నారు. 20 నెలలుగా మెయిల్స్ పెడుతున్నాం. అమ్మ తిండి కూడా సరిగ్గా తినడం లేదు. పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కేసు వేయొచ్చా?

జవాబు: ఇవ్వొద్దు. ఆ ట్యాంకే మీ సాక్ష్యం.

25 లీటర్ల నీరు 20 డిగ్రీల నుంచి 65కి కాగితే దాదాపు 450 మిల్లీలీటర్లు పెరుగుతుంది. లైన్లో నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటే ఆ నీరు వెనక్కి పోలేదు, సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలుగా బయటికి రావాలి. కాగేటప్పుడు అలా కారడం రిపేరు కాదు, ఆ వాల్వ్ పనే అది. మూస్తే ఒత్తిడంతా ట్యాంకు మీదే. కాబట్టి డమ్మీ బిగించింది ఎవరన్నదే మీ కేసు. మీరు పిలిచిన ప్లంబర్ అయితే కంపెనీ వాదన గట్టిది. వాళ్లు పంపిన మనిషే అయితే అది సేవాలోపం. సర్వీస్ సెంటర్‌నీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి.

చదవని కాగితం మీద సంతకం ఎలా పెట్టారండీ? అందులో 'కస్టమర్ మూశారు' అని ఉంటే రేపు మీ సంతకాన్నే మీకు చూపిస్తారు. దాని కాపీ, ఆ రోజు వచ్చిన సర్వీస్ మెసేజ్‌లు, డమ్మీ ఉన్నట్టే తీసిన ఫొటోలు భద్రపరచండి. డమ్మీ తీసేసి, ప్లంబర్‌తో పాత తేదీ బిల్లు రాయించే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. తప్పుడు సాక్ష్యానికి 7 ఏళ్ల దాకా జైలు పడొచ్చు.

ట్యాంకు ఉబ్బి చీలిందా, అతుకు దగ్గర తుప్పు తిని చిల్లు పడిందా అన్నది ల్యాబ్ తేల్చాలి. తుప్పే అయితే డమ్మీ వాదన చాలావరకు వీగిపోతుంది. పరీక్షకు పంపమని 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్‌ను కోరండి.

గడువు పగిలిన రోజు నుంచి 2 ఏళ్లు, సెక్షన్ 69. మీ మెయిల్స్‌తో అది పెరగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ, ఆ దాకా తెచ్చుకోవద్దు. ఈ వారమే 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ నోటీసు పంపండి. బదులు రాకపోతే మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. బిల్లు అమ్మగారి పేరున ఉన్నా, ఆమె అనుమతితో వాడుతున్న మీరూ వినియోగదారులే.