వైఫై కనెక్ట్ అవుతోంది, నెట్ రావడం లేదు: స్టాటిక్ ఐపీ పెట్టుకోవచ్చా?

వద్దు. హాస్టల్లో మీ ల్యాప్‌టాప్‌కు 169.254తో మొదలయ్యే ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) వస్తోందని, స్నేహితుడు స్టాటిక్ ఐపీ, అంటే మనమే చేత్తో నింపే మారని చిరునామా, పెట్టుకోమన్నాడని రాశారు. ఆ సలహా పక్కన పెట్టండి. ఆ అంకెలు కనిపించాయంటే, ల్యాప్‌టాప్ నాకో చిరునామా ఇవ్వండని నెట్‌వర్క్ అంతటికీ వినిపించేలా అడిగింది, ఎవరూ పలకలేదు, చివరికి తానే ఒకటి తగిలించుకుంది. ఫోన్లయితే చాలావరకు 'ఐపీ చిరునామా పొందుతోంది' దగ్గరే తిరుగుతుంటాయి. హాస్టళ్లలో దీనికి మామూలు కారణం, రౌటర్ దగ్గర పంచడానికి చిరునామాలు అయిపోవడం.

అయితే ఎవరూ పలకకపోవడం కంటే ఇద్దరు పలకడం పెద్ద తలనొప్పి. హనుమకొండ నయీంనగర్‌లో ఒక అబ్బాయిల హాస్టల్‌కు నెట్‌వర్క్ పని చూసేవాణ్ణి. మూడంతస్తులకూ కలిపి ఒకటే రౌటర్, అదీ వార్డెన్ గదిలో ఇనుప బీరువా మీద. దసరా సెలవులయ్యాక ఫోన్ వచ్చింది: "సార్, సగం మందికి నెట్ వస్తుంది, సగం మందికి రాదు. మొన్ననే ప్లాన్ కూడా పెంచాం." నెట్ రాకపోతే ప్లాన్ పెంచడం మనవాళ్లకు జ్వరానికి కొత్త చొక్కా కొనడం లాంటిది.

వెళ్లి చూస్తే, నెట్ వచ్చేవారి చిరునామాలు 192.168.0తో, రానివారివి 192.168.1తో మొదలవుతున్నాయి. అంటే ఎక్కడో ఇంకో పెట్టె చిరునామాలు పంచుతోంది. అడిగిన పరికరం సాధారణంగా ముందు వచ్చిన జవాబే పుచ్చుకుంటుంది, ఇచ్చినవాడు ఎవడని ఆరా తీయదు. చిరునామాలు పంచడానికి 1997లో ఖరారైన ఈ డీహెచ్‌సీపీ పద్ధతిలోనే ఆ అమాయకత్వం ఉంది. సెలవుల్లో ఊరెళ్లని కుర్రాళ్ల ల్యాప్‌టాప్‌లు వార్డెన్ గదిలోని రౌటర్‌నే నేరుగా అడిగి, ఉన్న చిరునామాకే గడువు పొడిగించుకున్నాయి. ఊరెళ్లి వచ్చినవి కొత్తగా అడిగి దొంగ పెట్టెకు చిక్కాయి.

నెట్ రాని ఒక ల్యాప్‌టాప్‌లో ఏఆర్‌పీ పట్టిక తెరిచాను. ఏ ఐపీ వెనక ఏ మ్యాక్ చిరునామా (పరికరానికి తయారీలోనే వేసే గుర్తింపు) ఉందో అందులో తెలుస్తుంది. 192.168.1.1 ఎదురుగా ఉన్న పన్నెండు అక్షరాలూ చేతి మీద రాసుకుని గదులన్నీ తిరిగాను. మూడో అంతస్తు చివరి గదిలో, మంచం కింద ట్రంకు పెట్టె మీద, రెండు యాంటెన్నాల పాత రౌటర్. తిప్పి అడుగున ఉన్న స్టిక్కర్ చూస్తే చివరి అంకె ఒక్కటే తేడా. అది మామూలే, ఒకే పెట్టెలో బయటి నెట్ వచ్చే వైపుకు (వాన్), లోపలి పరికరాల వైపుకు (లాన్), వైఫైకి తరచూ వేర్వేరు మ్యాక్‌లు ఉంటాయి, స్టిక్కర్ మీద సాధారణంగా ఒకటే వేస్తారు. భూపాలపల్లి కుర్రాడు గదిలో సిగ్నల్ అందక, ఇంట్లో మూలపడ్డది తెచ్చి, కారిడార్ స్విచ్ కేబుల్‌ను వాన్ పోర్టుకు బదులు లాన్ పోర్టులో గుచ్చాడు. వాన్‌లో పెట్టి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.

వార్డెన్ దాన్ని బయట పారేయమన్నాడు. నేను ఒప్పుకోలేదు. అందులో డీహెచ్‌సీపీ ఆపేసి, దాని చిరునామాను 192.168.0.2 చేసి అక్కడే ఉంచాను. ఆ అంతస్తుకు సిగ్నల్ అందించాల్సిన బాధ్యత యజమానిది. నెల నెలా నెట్ పేరిట వసూలు చేస్తూ విద్యార్థి సొంత రౌటర్‌తో నెట్టుకురావడం ఏం పద్ధతి?

మీ సంగతికి వస్తే, వార్డెన్‌తో రౌటర్ సెట్టింగులు తెరిపించి, పంచే చిరునామాలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయో చూడండి. చివరి భాగం 100 నుంచి 199 వరకే ఉంటే 20 నుంచి 250 వరకు పెంచమనండి, చిరునామా గడువును రెండు గంటలకు తగ్గించమనండి. మీకు మీరే ఒక అంకె పెట్టుకుంటే, అదే అంకెను రౌటర్ రేపు ఇంకొకరికి ఇవ్వొచ్చు. అప్పుడు ఇద్దరికీ నెట్ వస్తూ పోతూ ఉంటుంది.