అడగండి, చెబుతాం: దేవుడి మీద జోకు వేస్తే జైలేనా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మా తమ్ముడు వినాయకుడు జిమ్‌లో బరువులెత్తుతున్న కార్టూన్ పెట్టాడు. పై అంతస్తులో ఉండే పెద్దాయన మనోభావాలు దెబ్బతిన్నాయి, కేసు పెడతాను అంటున్నారు. అమ్మకి రెండు రోజులుగా నిద్ర లేదు. మరి భావ ప్రకటన స్వేచ్ఛ సంగతేంటండీ? – ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ముందు అమ్మగారిని నిశ్చింతగా పడుకోమనండి. మీది అనంతపురం కాబట్టి మీ ఊరి కేసే చెబుతాను. 2013లో ఒక బిజినెస్ పత్రిక ధోనీని విష్ణుమూర్తిలా ముఖచిత్రం వేసి, శంఖచక్రాలు ఉండాల్సిన చేతుల్లో కంపెనీల సరుకులు పెట్టింది, అందులో ఒకటి బూటు. దాని మీద అనంతపురం కోర్టులో కేసు పడింది, ధోనీకి వారెంటు దాకా వెళ్లింది. 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తెలియకో, అజాగ్రత్తగానో చేసిన పని మత మనోభావాలను దెబ్బతీయడాన్ని నేరంగా చూసే సెక్షన్ కిందికి రాదని, కావాలని, కక్షతో అవమానిస్తేనే నేరమని చెప్పింది. అప్పట్లో అది పాత శిక్షాస్మృతి ఐపీసీలో 295ఏ, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 299. శిక్ష మూడేళ్ల దాకా ఉంది, బెయిలు కూడా హక్కుగా దొరకదు, అందుకే జనానికి టెన్షన్. కానీ ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు ఈ కేసును విచారణకు తీసుకోకూడదు.

ఇక రాజ్యాంగంలో 19(2) చదివితే మాటకు పెట్టగల హద్దులు వరసగా ఉంటాయి: శాంతిభద్రతలు, సభ్యత, నైతికత, పరువునష్టం, ఇలా. ఎవరో నొచ్చుకున్నారన్నది ఆ వరసలో లేదు. 1957లో సుప్రీంకోర్టు 295ఏ ని నిలబెట్టింది కూడా శాంతిభద్రతల పేరుతోనే. అదే కార్టూన్‌కి నాలుగు బూతులు చేర్చి, నిమజ్జనం ఊరేగింపు రోజున గొడవ రేగాలని పంచి ఉంటే మాత్రం నేను ఇంత ధీమాగా రాసేవాణ్ణి కాదు.

అంతమాత్రాన మీ తమ్ముడిని వెనకేసుకురావడం లేదు. ఆ గ్రూపులో జనం చేరింది నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలుసుకోడానికి. అక్కడ రోజూ దీపం పెట్టుకునే పెద్దాయన ఉన్నారని తెలిసీ పెట్టాడు, నవ్వింది ఎంతమంది? అయితే పెద్దాయనకీ ఒక మాట. చవితి పందిళ్లలో బ్యాటు పట్టిన వినాయకుడిని, సినిమా హీరో గెటప్‌లో వినాయకుడిని నిలబెట్టేది భక్తులే కదా, ఆ పందిరికి ఆయన కూడా చందా ఇచ్చే ఉంటారు! మన దగ్గర దేవుడిని నిందాస్తుతి చేయడం కొత్తేం కాదు, గోల్కొండ చెరసాలలో రామదాసు రాముణ్ణి నిలదీసి తిట్టాడు. కాకపోతే ఆయన తిట్టింది తన రాముణ్ణి, పక్కింటాయన మనసు గుచ్చడానికి కాదు. మీ తమ్ముణ్ణి ఫోను ఇంట్లో పెట్టి మెట్లెక్కి వెళ్లమనండి, రెండు నిమిషాలు కూర్చుని మాట్లాడితే సరిపోతుంది. గ్రూపులో పెద్ద క్షమాపణ రాస్తే మళ్లీ వంద మెసేజ్‌లు.

ప్రశ్న: మన దేవుళ్ల మీదే జోకులు. వేరే మతం మీద వేసే దమ్ముందా వీళ్లకి? – హైదరాబాద్ నుంచి

జవాబు: ఆ సెక్షన్ పుట్టుకే మీ ప్రశ్నకు జవాబు. లాహోర్‌లో ప్రవక్తను కించపరుస్తూ ఒక చిన్న పుస్తకం వచ్చింది, అప్పటికున్న చట్టంలో శిక్షించడానికి వీల్లేదని 1927లో హైకోర్టు పబ్లిషర్‌ని వదిలేసింది, గొడవలయ్యాయి, ఆ ఏడాదే 295ఏ తెచ్చారు. 1929లో ఆ పబ్లిషర్‌ని పొడిచి చంపారు. కాబట్టి చట్టం అన్ని మతాలకీ ఒకటే, ప్రాణం మీదికి రావడమూ కొత్త కాదు. పక్కవాళ్ల దేవుణ్ణి తిడితేనే దమ్మున్నట్టు అనే లెక్క నాకు మాత్రం ఎక్కదు.

ప్రశ్న: దేవుడు లేడని మైకు పెట్టి చెప్పొచ్చా? – విజయవాడ నుంచి

జవాబు: భేషుగ్గా. మీ ఊళ్లోనే నాస్తిక కేంద్రం ఉంది కదా, నాస్తిక ఉద్యమకారుడు గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో బెజవాడకు తెచ్చారు. అదే ఊళ్లో దసరా వచ్చిందంటే ఇంద్రకీలాద్రి మీద కాలు పెట్టే సందుండదు. మైకుకి మాత్రం పోలీసుల పర్మిషన్ తీసుకోండి, అది ఆస్తికులకైనా తప్పదు.