మూడే కొను నాయనా

నాయనా,

హైదరాబాదులో పని మానేసి వచ్చేస్తానని, రాగానే ఇరవై మేకలు కొంటానని ఫోనులో చెప్పావు. మీ మావయ్య నవ్వారు గానీ నాకు భయమేసింది. ఊరికి రా. మేకలు మాత్రం మూడే కొను.

మేకకు మేత ఖర్చు ఉండదన్న మాట మేకలు లేనివాళ్లు పుట్టించిందే. జీడితోటలు పూతకొచ్చాక అటువైపు తోలితే రోజూ తగువే. పగలంతా మేసొచ్చినా రాత్రికి ఇంత ఆకు వేయాలి. మీ పెరట్లో ఉన్నవి రెండు పనసలు, ఒక మునగ. అందుకే మూడన్నాను. ముందు గట్టు మీద అవిశ వేయి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన ఉద్దానం మీద పడిన రాత్రి మేకలను వంటింట్లో కట్టుకున్నాం. తెల్లవారి చూస్తే పనసలన్నీ నేల మీదే. కూలిన కొమ్మల ఆకు పచ్చిగా ఉన్నన్నాళ్లూ వాటికి పండగే. ఆ తరువాత ఆకు దొరకక సగం మందను వచ్చిన ధరకు అమ్ముకున్నాం.

నారాయణవలస సంతకు మావయ్యను వెంట తీసుకువెళ్లు. ముందు నోరు తెరిచి చూడు. కింది వరసలో రెండు పెద్దపళ్లు వచ్చి ఉంటే ఏడాది దాటినట్టు. ఎనిమిదీ వచ్చి అరిగిపోతే వదిలేయి. కింది కనురెప్ప లాగితే లోపల ఎర్రగా ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే కడుపులో నట్టలు రక్తం పీల్చేస్తున్నాయనుకో. పొదుగు తడిమి చూడు, గడ్డలు తగలకూడదు.

తరువాత ఎప్పుడైనా కొత్తదాన్ని తెస్తే వెంటనే పాతవాటితో కలపకు. నేనొకసారి సంత నుంచి తెచ్చిన మేకను ఆ సాయంత్రమే మందలో కట్టాను. వారం తిరిగేసరికి ముక్కులు కారడం, నోటి పుండ్లు, పారుడు. ఏడింటిలో నాలుగు పోయాయి. ఇప్పుడు ఏది తెచ్చినా మూడు వారాలు చింతచెట్టు కిందే. పారుడు రోగానికి, చిటుక రోగానికి టీకాలున్నాయి, తొలకరికి ముందే వేయించు. కడుపుబ్బితే నాటువైద్యం చేస్తూ కూర్చోకుండా పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేయి.

పోతుతో కట్టించిన అయిదు నెలలకు మేక ఈనుతుంది. పిల్ల పడగానే ముక్కు తుడిచి, బొడ్డుకు అయోడిన్ రాసి, అరగంటలోపు ముర్రుపాలు పట్టించు. జున్ను మీద ఆశ పెట్టుకోకు.

మా నల్లమేక చూడితో ఉంది, సంక్రాంతికి ఈనవచ్చు. పెంటిపిల్ల పడితే నీకే. అప్పుడు సంతలో రెండు కొంటే చాలు.

మీ అత్త