సరిహద్దుకు వెళ్ళిన మా ఊరి గేదె కబురు

మీ అపార్టుమెంటు వాళ్ళంతా కలిసి సరిహద్దుల్లో ఉన్న సైనికులకు ఉత్తరాలు, తినుబండారాల పెట్టెలు పంపాలనుకుంటున్నారనీ, ఏమి పంపితే వారికి ఉపయోగమో, అవి నిజంగా వారి చేతికి అందుతాయో లేదో తెలియడం లేదనీ అడిగారు. రెండో ప్రశ్నకు జవాబు సులువు. చిరునామా సరిగ్గా రాస్తే తప్పకుండా అందుతాయి. మొదటి ప్రశ్న విషయంలో మాత్రం 1999 నుంచి నా మనసులో ఒక అభిప్రాయం పాతుకుపోయి ఉంది. చాలామందికి అది రుచించదని తెలిసినా చెబుతాను. పెట్టె సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందు ఉత్తరం సంగతి చూసుకోండి. ఆ ఉత్తరంలో దేశభక్తి గురించి ఒక్క ముక్క కూడా రాయకండి.

నేను తాడేపల్లిగూడెం దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్ళు తెలుగు చెప్పాను. మాధవరం మాకు దగ్గరే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి తరతరాలుగా పటాలానికి మనుషులను పంపుతున్నందుకు దానికి మిలిటరీ మాధవరం అనే పేరే స్థిరపడింది. ఆ గాలి చుట్టుపక్కల ఊళ్ళకూ సోకింది కాబట్టి, మా వైపు మిలిటరీలో కొడుకో అల్లుడో ఉన్న ఇల్లు అరుదేమీ కాదు. కార్గిల్ యుద్ధం వచ్చిన ఏడు వేసవి సెలవుల తరువాత బడి తెరిచేసరికి పిల్లల నోట పాఠాల కంటే తోలోలింగ్, టైగర్ హిల్ అనే యుద్ధం జరుగుతున్న కొండల పేర్లే ఎక్కువగా వినిపించేవి. జూలైలో మా ప్రధానోపాధ్యాయుడు, మన పిల్లల చేత ఉత్తరాలు రాయించి, తినుబండారాలతో కలిపి సైనికులకు పంపుదామని ప్రతిపాదించి, ఆ బాధ్యతను నా మీద పెట్టారు.

ఎవరికి పంపాలన్నది మాకు పెద్ద సమస్య కాలేదు. మా బడిలోనే చదువుకుని, గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొంది గన్నర్‌గా, అంటే ఫిరంగి దళ సైనికుడిగా పనిచేస్తున్న మా ఊరి కుర్రవాడొకడు అప్పుడు కొండల మీదే ఉన్నాడు. వాళ్ళ నాన్నగారు చిరునామా రాసిచ్చినప్పుడు పిల్లలందరూ విస్తుపోయారు, ఎందుకంటే అందులో ఊరు లేదు, జిల్లా లేదు, రాష్ట్రం లేదు. సైనికుడి నంబరు, హోదా, పేరు, యూనిట్ పేరు, చివరన 56 ఏపీఓ, అంటే సైనిక తపాలా కార్యాలయం, అంతే. యూనిట్ ఏ లోయలో ఉన్నదో, ఏ కొండ ఎక్కిందో శత్రువుకే కాదు, దారిలో ఉత్తరం పట్టుకునే ఏ మనిషికీ తెలియకూడదని ఈ ఏర్పాటు చేశారు. 56 ఏపీఓ అని రాసినవి ఢిల్లీలో ఉన్న కేంద్ర స్థావర తపాలా కార్యాలయానికీ, తూర్పు సరిహద్దుల వైపు 99 ఏపీఓ అని రాసినవి కోల్‌కతాలో ఉన్న అటువంటి కార్యాలయానికీ చేరుతాయి. యూనిట్ ఆ రోజున ఎక్కడ ఉన్నదో తెలిసిన సైనిక తపాలా సిబ్బంది అక్కడి నుంచి వాటిని పైకి పంపుతారు. ఆ సిబ్బందిలో చాలామంది మన తపాలా శాఖ నుంచే వెళ్ళి యూనిఫాం వేసుకున్నవారు. ఇప్పుడు యూనిట్లకు 9 అంకెతో మొదలయ్యే పిన్‌కోడ్లు కూడా ఉన్నాయి, కాబట్టి దాన్నీ అడిగి తెలుసుకుని రాయండి. ప్రైవేటు కొరియర్ల మీద ఆశ పెట్టుకోకండి, ఈ దారి తపాలా శాఖదే.

ఇక నేను చేసిన నిర్వాకం గురించి చెప్పాలి. పిల్లలు తప్పులు రాస్తే బడి పరువు పోతుందని భయపడి, నల్లబల్ల మీద ఒక నమూనా ఉత్తరం రాసిపెట్టాను. భరతమాత ముద్దుబిడ్డలారా అని మొదలై, మీ రక్తంతో హిమశిఖరాలు పునీతమయ్యాయని సాగి, మీ త్యాగం చిరస్మరణీయమని ముగిసే ఆ ఉత్తరాన్ని ఎనభై మందికి పైగా పిల్లలు ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించారు. వాటిలో ఒకటి మాత్రం తేడాగా వచ్చింది. ఏడో తరగతి కుర్రవాడొకడు బల్ల వైపు చూడనే లేదు కాబోలు, తమ ముర్రా గేదె చూలుతో ఉన్నదనీ, శ్రావణంలో ఈనుతుందని తాతయ్య చెప్పాడనీ, కాలువ నీళ్ళు ఆలస్యమై తమ చేలో నాట్లు ఇంకా పడలేదనీ, గేదె ఈనితే జున్ను పంపాలని తనకు ఉన్నా దారిలో విరిగిపోతుందని అమ్మ ఒప్పుకోలేదనీ రాసుకొచ్చాడు. చివరన, మీకు అక్కడ పాలు దొరుకుతాయా అని అడిగాడు. యుద్ధంలో ఉన్న మనిషికి గేదె గోల ఎందుకని విసుక్కున్నాను. చించేయడానికి మాత్రం చెయ్యి రాలేదు. అందువల్ల దాన్ని కట్టకు అట్టడుగున పెట్టి, దస్తూరి బాగున్నవాటిని పైన పేర్చాను.

పెట్టెలో జంతికలు, సున్నుండలు, కందిపొడి సర్దాము. అంతా అయ్యాక ఒక పెద్దావిడ ఆ ఏడు కొత్తగా పెట్టిన ఆవకాయ సీసా తెచ్చి, ఇది లేకుండా మన పిల్లాడు అన్నం ఎలా తింటాడని కన్నీళ్ళు పెట్టుకుంటే కాదనలేకపోయాను. తపాలా కార్యాలయంలో గుమాస్తాగారు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, నూనె సరుకేమైనా ఉన్నదా మాస్టారూ అని అడిగారు. లేదన్నాను. పిల్లలకు సత్యహరిశ్చంద్రుడి పాఠం చెప్పిన నోటితోనే ఆ మాట అన్నాను.

దసరా సెలవుల ముందు జవాబు వచ్చింది. తానెక్కడ ఉన్నదీ అందులో ఎక్కడా రాయలేదు. కార్గిల్ దగ్గరి ద్రాస్ వైపు ఉన్నానని తరువాత సెలవుపై వచ్చినప్పుడే చెప్పాడు. ఉత్తరం మాత్రం ఈనాటికీ నాకు దాదాపు కంఠస్థమే. కోప్పడకండి మాస్టారూ అని మొదలుపెట్టి, దారిలో సీసా మూత వదులై నూనెంతా పై ఉత్తరాల మీదికి దిగిందనీ, బాల్‌పెన్ సిరా ఆ నూనెలో కరిగి అక్షరాలు అలుక్కుపోయాయనీ, సగం సగం కనబడిన రెండు మూడింటిని చదవగానే మీరు బోర్డు మీద రాసిచ్చారని తెలిసిపోయిందనీ రాశాడు. అడుగున ఉన్నందువల్ల చెక్కుచెదరకుండా చేరింది గేదె ఉత్తరం ఒక్కటే. దాన్ని అతడు తనతో ఉన్న హర్యానా గన్నర్‌కు హిందీలో చదివి వినిపించాడట. ఆ మనిషిది రోహ్‌తక్ వైపు, అంటే ముర్రా గేదెల పుట్టినిల్లు. ఎక్కడో గోదావరి ఒడ్డున తమ జాతి గేదె ఉన్నదని వినగానే అతడు లేచి కూర్చుని, ఎన్నో ఈత, పూటకు ఎన్ని లీటర్లు ఇస్తుంది, కొమ్ములు బాగా చుట్ట తిరిగాయా అని ప్రశ్న మీద ప్రశ్న వేశాడట. పెయ్య పుడుతుందని అతడూ, దున్న పుడుతుందని మనవాడూ పందెం కాసుకున్నారట. ఫలితం వెంటనే రాయించండి, ఇక్కడ అందరూ అడుగుతున్నారు, కాలువ నీళ్ళు వచ్చాయో లేదో కూడా రాయించండి అని ఉత్తరం ముగించాడు.

ఎనభై ఉత్తరాల్లోని హిమశిఖరాల గురించి, రక్తం గురించి అతడు ఒక్క మాట కూడా ఎత్తలేదు. అవి అతడి కళ్ళ ఎదుటే ఉన్నాయి, మేము గుర్తుచేయవలసిన పనేముంది? ఇది మావాడి ఒక్కడి తీరని మీరు అనుకోవచ్చు. ఆ యుద్ధంలోనే అమరుడై మరణానంతరం మహావీర చక్రం పొందిన మన హైదరాబాదు మేజర్ పద్మపాణి ఆచార్య, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు తన తండ్రికి రాసిన ఉత్తరంలో, గర్భవతి అయిన తన భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమని కోరారు. కొండ మీద ఉన్న మనిషి మనసు ఇంటి గడప దగ్గరే తిరుగుతూ ఉంటుందని చెప్పడానికి నాకు ఈ రెండు ఉత్తరాలు చాలు, ఇంకే పరిశోధనా అక్కరలేదు.

అందువల్లనే ఇప్పటి పద్ధతులు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పెట్టె మీద సైనికుడి చిరునామా కంటే పంపినవారి సంఘం పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాన్ని తపాలా కార్యాలయానికి చేర్చక ముందే పదిమంది చుట్టూ నిలబడి ఫొటో దిగుతారు. వాట్సాప్‌లో తిరిగే కవితను అచ్చు వేయించి, కింద పిల్లల చేత సంతకం పెట్టించి, దానినే ఉత్తరమంటారు. కొన్ని బడుల్లో ఉత్తమ లేఖకు బహుమతి కూడా ఇస్తున్నారు. బహుమతి కోసం రాసే పిల్లవాడు న్యాయనిర్ణేతకు రాస్తాడు గాని సైనికుడికి రాయడు. నల్లబల్ల మీద నమూనా రాసిన నాకు ఈ మాట అనే అర్హత లేదంటే ఒప్పుకుంటాను.

మీ పెట్టె విషయానికి వస్తే, కూడూ గుడ్డా సైన్యం బాగానే ఇస్తుంది. ఎత్తైన చోట్ల ఉండేవారికి చాక్లెట్లు, ఎండుఫలాలు కూడా ఇస్తారు, కాబట్టి బియ్యం, పప్పు మూటలు కట్టకండి. ద్రాస్ దాదాపు 10,800 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడ నీరు 90 డిగ్రీల లోపే మరిగిపోతుంది కాబట్టి ప్రెషర్ కుక్కర్ లేనిదే అన్నం సరిగ్గా ఉడకదు. పైగా ఆ ఎత్తుల్లో ఆకలి మందగిస్తుంది, తిండి చప్పగా ఉంటే అసలు లోపలికి పోదు. మావాడు సున్నుండల కంటే కందిపొడినే ఎక్కువగా మెచ్చుకోవడానికి కారణం అదేనని నా నమ్మకం. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి గట్టి ప్యాకెట్లలో రెండు పొరలుగా కట్టి పంపండి. నూనె ఉన్నది ఏదీ వద్దు, నా మాట వినండి. కోవా, పాలతో చేసిన మిఠాయిలు దారిలోనే పాడవుతాయి. పెట్టె ఒకరి పేరున వెళ్ళినా పదిమంది పంచుకుంటారు, కాబట్టి పంచడానికి వీలైనవే పెట్టండి. తెలిసిన సైనిక కుటుంబమేదీ లేకపోతే మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి చూడండి. యూనిట్ వివరాలున్న పెట్టె ఫొటోను మాత్రం ఎక్కడా పెట్టకండి. ఉత్తరంలో మీ చిరునామా తప్పక రాయండి. మీ వీధిలో నీళ్ళ ట్యాంకరు గొడవ, లిఫ్టు చెడిపోయి మూడో అంతస్తు ముసలాయన పడే అవస్థ, మీ అమ్మాయి సైకిలు నేర్చుకుంటూ పడటం, ఇటువంటివి రాయండి. తెలుగులోనే రాయండి, చాలా యూనిట్లలో చదివి పెట్టేవాడు ఒకడైనా ఉంటాడు.

పందెంలో హర్యానా గన్నరే గెలిచాడు, పెయ్యే పుట్టింది. మా గన్నర్ ఆ సంక్రాంతికి సెలవుపై వచ్చినప్పుడు, మా ఇంటికి రాకముందే ఆ కుర్రవాడి ఇంటికి కెమెరా పట్టుకుని వెళ్ళాడు. పెయ్యకు ఫొటో తీసి తెస్తానని రోహ్‌తక్ మనిషికి మాట ఇచ్చాడట. సంగతి తెలిసి నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి దూడ పక్కన నిలబడ్డాను. వాడు కెమెరాలోంచి ఒక క్షణం చూసి, మాస్టారూ, కాస్త పక్కకు జరగండి, తోక పడటం లేదు అన్నాడు.