గేమ్ రీమాస్టర్ అంటే పాతదానికన్నా మెరుగైనదేనా?

ప్రతిసారీ కాదు. రీమాస్టర్ అంటే పాత గేమ్‌నే మెరుగులు దిద్ది కొత్త మెషీన్ల కోసం మళ్లీ వదలడం; బొమ్మ పదునెక్కుతుంది గానీ, ఆట బాగుపడిందా లేదా అన్నది ఏం కలిపారు, ఏం తీసేశారు అన్నదాని మీదే ఉంటుంది. పాత గేముల్లో చాలా విషయాలు అప్పటి మెషీన్ల పరిమితికి తగ్గట్టు అల్లుకున్నవి, ఒకటి లాగితే ఇంకోటి ఊడుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం నెట్ సెంటర్లలో ఒకప్పుడు గంటల లెక్కన ఆడిన జీటీఏ శాన్ ఆండ్రియాస్‌నే చూడండి. 2004 నాటి ఒరిజినల్‌లో దూరాన్ని పొగమంచు కప్పేసేది, అప్పటి గేమ్ మెషీన్ ప్లేస్టేషన్ 2కి అంత దూరం చూపించే శక్తి లేదు కాబట్టి, కానీ ఆ మంచు వల్లే మ్యాప్ బోలెడంత పెద్దదిగా అనిపించేది. 2021 రీమాస్టర్‌లో అది తీసేసరికి కొండెక్కితే దూరపు సిటీలన్నీ కనిపించి, ఓస్ ఇంతేనా అనిపించింది. పైగా రిలీజ్ రోజునే బోలెడు బగ్గులు, లైసెన్స్ గొడవలతో రేడియోలో కొన్ని పాటలు మాయం. గన్ గురిపెట్టడం మాత్రం నిజంగా బాగుపడింది, ఆటలో ఇచ్చిన పని (మిషన్) ఓడిపోతే వెంటనే మళ్లీ మొదలెట్టొచ్చు కూడా. 2024 నవంబర్ అప్‌డేట్‌లో పాత లైటింగ్ ఆప్షన్ ఇచ్చాక కాస్త కుదుటపడింది.

చాలామంది రీమాస్టర్‌ని రీమేక్ అనుకుంటారు, అక్కడే పొరపాటు. రీమేక్‌లో మొత్తం కొత్తగా కడతారు, రీమాస్టర్‌లో ఎముకలు పాతవే. ఇక పాత సిస్టమ్ ఉన్నవాళ్లు కొనేముందు చూసుకోండి: ఒరిజినల్ 256 ఎంబీ ర్యామ్‌తో నడిచేది, కొత్తదానికి కనీసం 8 జీబీ కావాలి.